రాజ్మా, శనగలు, బొబ్బర్లు, పెసలు, సోయా: ఏ గింజ దేనికి? పోల్చుకుని, ఎంచుకుని, సరిగ్గా ఉడికించే పద్ధతి

"బీన్స్‌లో ఏది మంచిది?" అని చాలామంది అడుగుతూనే ఉంటారు. దేనికి మంచిదో చెప్పకుండా అడిగితే జవాబు దొరకదు. గ్రేవీలో విడిపోకుండా నిలబడాలా? మెత్తటి ముద్ద కావాలా? అరగంటలో వంట అయిపోవాలా? ప్రోటీన్ ఎక్కువ కావాలా? తిన్నాక కడుపు ఉబ్బకుండా ఉండాలా? ఒక్కో అవసరానికి ఒక్కో గింజ సరిపోతుంది.

ఒక మాట ముందే చెప్పేస్తాను. సోయాను పక్కన పెడితే మిగతా గింజల పోషకాల్లో తేడాలు జనం అనుకునేంత పెద్దవి కావు. ఉడికే తీరులో మాత్రం తేడాలు చాలా పెద్దవి. అందుకే ఇక్కడ ముందు వంట సంగతి, ఆ తర్వాతే పోషకాల సంగతి.

ఇక్కడ బీన్స్ అంటే ఎండు గింజలే. కాయతో సహా వండే ఫ్రెంచ్ బీన్స్‌ను కూరగాయగానే చూడాలి. వాటిలో 100 గ్రాములకు ప్రోటీన్ 2 గ్రాములు కూడా ఉండదు, కాబట్టి ఈ పోలికలోకి అవి రావు.

## 1. మొదలుపెట్టే ముందు

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- గ్రాములు చూపించే వంటింటి తూకం
- పెద్ద గిన్నె (గింజలు రెట్టింపు ఉబ్బినా పొర్లనిది)
- ప్రెషర్ కుక్కర్ లేదా అడుగు మందంగా ఉన్న గిన్నె
- ఉప్పు, వంట సోడా
- టైమర్ (ఫోన్‌లోది చాలు)

తూకం ఎందుకంటే, కప్పు కొలత మోసం చేస్తుంది. ఉడికించిన పెసలు ఒక కప్పు తూస్తే దాదాపు 200 గ్రాములుంటాయి. అదే కప్పులో ఉడికించిన కాబూలీ శనగలు 165 గ్రాముల దగ్గరే ఆగిపోతాయి. చిన్న గింజలు సందు లేకుండా సర్దుకుంటాయి, పెద్ద గింజల మధ్య ఖాళీలు మిగులుతాయి. కప్పుల లెక్కన ఈ రెండింటిలో ప్రోటీన్ సమానంగా, సుమారు 14 గ్రాములు కనిపిస్తుంది. బరువు లెక్కన చూస్తే శనగల్లో స్పష్టంగా ఎక్కువ. పోలిక మొదలుపెట్టాక చివరి దాకా గ్రాముల్లోనే ఉండండి.

## 2. గింజల్ని వంట స్వభావాన్ని బట్టి విడదీయండి

రంగును బట్టో పేరును బట్టో కాకుండా, ఉడికాక ఏమవుతుందో దాన్ని బట్టి చూస్తే ఎంపిక తేలికవుతుంది.

ఆకారం నిలుపుకునేవి: కాబూలీ శనగలు, నల్ల శనగలు, నల్ల రాజ్మా. ఎక్కువసేపు మరిగినా గింజ గింజగానే ఉంటాయి. సలాడ్‌కి, వేపుడుకి ఇవి బాగుంటాయి. నల్ల శనగల పొట్టు మందం, నమలాల్సిన పని ఎక్కువ. నల్ల రాజ్మా నీళ్లకి ముదురు రంగు ఎక్కిస్తుంది, లేత రంగు వంటకాల్లో వేసేముందు ఆలోచించుకోండి.

వెన్నలా మెత్తబడేవి: ఎర్ర రాజ్మా, మచ్చల రాజ్మా, తెల్ల బీన్స్, లిమా బీన్స్. పైన పొట్టు నిలబడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. గ్రేవీకి చిక్కదనం కావాలంటే ఇవే. పిడికెడు గింజల్ని గరిటె వెనకభాగంతో గిన్నె అంచుకి నొక్కి మెదిపితే చాలు, వేరే పిండి కలపాల్సిన పని ఉండదు.

త్వరగా ఉడికేవి: బొబ్బర్లు, పెసలు, పొట్టుతో ఉన్న మసూర్. వీటికి నానబెట్టడం తప్పనిసరి కాదు. బొబ్బర్లు కాస్త ఎక్కువ ఉడికితే పగిలిపోతాయి కాబట్టి సలాడ్‌కి వాడేటప్పుడు కళ్లు తిప్పకూడదు. పెసలు, మసూర్ విచ్చుకుని చారులో కలిసిపోతాయి. సూప్‌కి అది లాభమే.

మొండివి: సోయా, ఉలవలు. ఎంత నానబెట్టినా ఓపిక పట్టాల్సిందే. సోయాలో పిండి పదార్థం చాలా తక్కువ, కొవ్వు ఎక్కువ. అందుకే అది ఎంత ఉడికినా శనగల్లా మెత్తటి ముద్ద కాదు, పంటికి తగులుతూనే ఉంటుంది. శనగలకి బదులు సోయా వేసి ముద్ద చేద్దామనుకుని నిరాశపడేవాళ్లు చాలామంది. తప్పు వండినవాళ్లది కాదు, ఆ గింజ స్వభావమే అంత.

## 3. ఏరడం, పాతవో కొత్తవో పోల్చుకోవడం

వంట చెడడానికి సగం కారణం గింజ వయసు. వేడి, తేమ ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉన్న గింజలు లోపలే గట్టిపడిపోతాయి. అలాంటివి ఎంత ఉడికించినా మెత్తబడవు.

కొనేటప్పుడు, వాడేటప్పుడు చూడాల్సినవి:

- రంగు నిగనిగలాడుతూ, ఒకే తీరుగా ఉందా? పాతబడిన గింజలు మసకబారి ముదురు రంగుకి తిరుగుతాయి.
- పొట్టు మీద చీలికలు, ముడతలు, సన్నటి రంధ్రాలు ఉన్నాయా? రంధ్రం ఉంటే పురుగు.
- అడుగున పిండిలాంటి పొడి పేరుకుందా? ఉంటే ఆ సంచి వద్దు.
- గింజల సైజు ఒకేలా ఉందా? చిన్నా పెద్దా కలిసి ఉంటే చిన్నవి విరిగిపోయే వేళకి పెద్దవి ఇంకా గట్టిగానే ఉంటాయి.

తర్వాత పళ్లెంలో పలచగా పరిచి రాళ్లు, ముక్కలు, వాడిపోయిన గింజలు తీసేయండి. రెండు మూడు సార్లు కడగండి. నీళ్లలో తేలేవాటిని పారేయండి.

పాత సరుకుని కొత్త సరుకుతో ఒకే డబ్బాలో కలపకండి. కలిపాక ఆ గింజలన్నీ ఒకేసారి ఉడకడం అసాధ్యం.

## 4. నానబెట్టడం

గింజ బరువుకి మూడు నాలుగు రెట్లు నీళ్లు పోయండి. సుమారు వ్యవధులివి:

- ఎర్ర రాజ్మా, తెల్ల బీన్స్, లిమా, శనగలు: 8 నుంచి 12 గంటలు
- సోయా, ఉలవలు: 10 నుంచి 12 గంటలు
- నల్ల రాజ్మా: 6 నుంచి 8 గంటలు
- బొబ్బర్లు, పెసలు: 2 నుంచి 4 గంటలు, తొందరగా ఉంటే అసలు వద్దు
- మసూర్: అవసరం లేదు

గది వేడిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టండి. 12 గంటలు దాటితే నురగ కట్టి పులిసిన వాసన మొదలవుతుంది.

నానిందో లేదో చూసేది ఇలా. రాజ్మాను నీళ్లలో వేసిన గంట రెండు గంటలకి పొట్టు ముడతలు పడుతుంది. పొట్టు ముందు నీరు పీల్చి సాగుతుంది, లోపలి పప్పు ఇంకా ఉబ్బలేదు కాబట్టి ముడత. ఆ దశలో పొయ్యి మీద పెడితే పొట్టు ఊడిపోతుంది. ముడతలు పోయి గింజ మళ్లీ బిగుతుగా, నున్నగా అయ్యేదాకా ఆగండి. అప్పుడు ఒక గింజ తీసి రెండు బద్దలుగా విడదీయండి. లోపలి ముఖం మధ్యలో గుంటలా లోతుగా ఉంటే ఇంకా నానాలి. సమంగా, చదునుగా ఉంటే అయిపోయినట్టే. తూకం ఉంటే ఇంకా తేలిక: 100 గ్రాముల గింజలు నీళ్లు వంచాక దాదాపు 200 గ్రాములకి రావాలి.

ఉప్పు నీళ్లలో నానబెట్టడం. ఉప్పు వేస్తే గింజలు గట్టిపడతాయని చాలామంది నమ్మకం. నిజానికి జరిగేది తిరగేసి. పొట్టులో ఉండే కాల్షియం, మెగ్నీషియం పొట్టుని బిగించి పట్టుకుంటాయి. ఉప్పులోని సోడియం వాటిలో కొంత స్థానాన్ని తీసుకోవడంతో పొట్టు మెత్తబడుతుంది, గింజ పగలకుండా ఉడుకుతుంది. లీటరు నీటికి 15 గ్రాములు, అంటే సుమారు రెండున్నర టీస్పూన్ల ఉప్పు. నానాక ఆ నీళ్లు పారబోసి శుభ్రంగా కడిగేయాలి. ఉప్పు బాగా తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు మామూలు నీళ్లతోనే కానివ్వండి.

రాత్రి మర్చిపోతే (రాజ్మాకి కాదు, దానికి కింద చెప్పిన 5 గంటలు కావాల్సిందే). గింజల్ని నీళ్లలో 2–3 నిమిషాలు తెర్లనిచ్చి, పొయ్యి ఆపి, మూతపెట్టి ఒక గంట వదిలేయండి. ఆ నీళ్లు వంచేసి కొత్త నీళ్లతో వండండి. దీనికోసం టెన్షన్ పడాల్సిన పని లేదు. ఉబ్బరం కలిగించే చక్కెరలు వేడి నీళ్లలోకి ఇంకా బాగా దిగుతాయి కూడా.

నానబెట్టిన నీళ్లు ఎప్పుడూ పారబోయాల్సిందే. ఉడికించిన నీళ్లు మాత్రం దాచుకోండి, రుచి, చిక్కదనం, కొన్ని విటమిన్లు అందులోనే ఉంటాయి.

## 5. ఉడికించే ముందు ఒక హెచ్చరిక: రాజ్మా

ఈ భాగాన్ని దాటేయకండి. పచ్చి రాజ్మాలో ఫైటోహీమాగ్లుటినిన్ అనే లెక్టిన్ (విషగుణం ఉన్న ఒక రకం ప్రోటీన్) ఉంటుంది. అన్ని రకాల్లోకీ ఎర్ర రాజ్మాలోనే ఇది ఎక్కువ. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వికారం, వాంతులు, తర్వాత విరేచనాలు రావచ్చు.

చేయాల్సింది వరసగా:

1. కనీసం 5 గంటలు నానబెట్టండి.
2. ఆ నీళ్లు పారబోసి, కడిగి, కొత్త నీళ్లు పోయండి.
3. తెర్లే నీళ్లలో, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, కనీసం 10 నిమిషాలు మరిగించండి. 30 నిమిషాలు మరిగిస్తే ఇంకా నిశ్చింత.
4. ఆ తర్వాతే మంట తగ్గించి మెత్తబడేదాకా ఉడికించండి.

స్లో కుక్కర్‌లో నేరుగా వేయడం అన్నిటికన్నా ప్రమాదం. అందులో వేడి 80 డిగ్రీలు కూడా దాటకపోవచ్చు. అలా సగం వేడెక్కిన రాజ్మాలో విషగుణం పచ్చి గింజకన్నా పెరిగే అవకాశం ఉంది. ముందు పొయ్యి మీద మరిగించి తర్వాత స్లో కుక్కర్‌లోకి మార్చండి. ప్రెషర్ కుక్కర్‌లో వేడి 120 డిగ్రీల దగ్గరికి వెళ్తుంది కాబట్టి ఆ భయం లేదు. డబ్బాలో వచ్చే రాజ్మా ముందే ఉడికించినది, నేరుగా వాడొచ్చు.

రాజ్మాను మొలకెత్తించి పచ్చిగా తినడం కూడా వద్దు. లిమా బీన్స్, ఎండు చిక్కుడు గింజలు వండేటప్పుడు మూత తెరిచి మరిగించి, మొదటి నీళ్లు వంచేయడం మంచి అలవాటు. వాటిలో సయనైడ్‌ని విడుదల చేసే పదార్థాలు ఉండొచ్చు, అవి ఆవిరితో, నీళ్లతో పోతాయి.

## 6. ఉడికించడం

కుక్కర్‌ని సగానికి మించి నింపకండి. గింజలు ఉబ్బుతాయి, నురగ పైకి లేచి వాల్వ్‌ని మూసేస్తుంది. టీస్పూన్ నూనె వేస్తే నురగ తగ్గుతుంది. గింజల పైన ఒక అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు ఉండాలి.

విజిల్స్ లెక్కని నేను నమ్మను. కుక్కర్ సైజు, మంట, అందులో ఎన్ని నీళ్లున్నాయి అన్నదాన్ని బట్టి ఒక విజిల్‌కీ ఇంకో విజిల్‌కీ మధ్య సమయం మారిపోతుంది. ప్రెషర్ ఎక్కాక మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టండి. నానబెట్టిన గింజలకి సుమారుగా:

- పెసలు: 5–7 నిమిషాలు
- బొబ్బర్లు: 6–8
- మసూర్ (నానబెట్టకుండా): 6–8
- తెల్ల బీన్స్, నల్ల రాజ్మా: 10–15
- ఎర్ర రాజ్మా, కాబూలీ శనగలు: 15–20
- నల్ల శనగలు, సోయా: 20–25
- ఉలవలు: 25–30

పొయ్యి ఆపాక ప్రెషర్‌ని దానంతట అదే దిగనివ్వండి. బలవంతంగా వదిలితే లోపల ఒక్కసారిగా తెర్లి పొట్లు చీలిపోతాయి.

మామూలు గిన్నెలో అయితే మసూర్‌కి 20–30 నిమిషాలు, బొబ్బర్లకి, పెసలకి 30–45, రాజ్మాకి గంట నుంచి గంటన్నర, శనగలకి గంట నుంచి రెండు గంటలు, సోయాకి అంతకన్నా ఎక్కువే పడుతుంది. రాజ్మాకి పైన చెప్పిన తెర్లించే దశ అయిపోయాక సన్న మంట మీద, బుడగలు మెల్లగా వచ్చేలా ఉడకనివ్వండి.

పులుపు ఎప్పుడు? గింజ పూర్తిగా మెత్తబడ్డాకే. టమాటా, చింతపండు, నిమ్మరసం, వెనిగర్ ఏదైనా సరే, ముందే పడితే గింజ గోడలు కరగవు. ఒకసారి పులుపు పడ్డాక ఇంకో గంట ఉడికించినా పెద్ద ఫలితం ఉండదు. బెల్లం కూడా చివరికే, అందులోని కాల్షియం కూడా అదే పని చేస్తుంది.

ఉడికిందని ఎలా తెలుస్తుంది? ఒక్క గింజ చూసి నిర్ణయించకండి. గిన్నెలో వేర్వేరు చోట్ల నుంచి అయిదు గింజలు తీయండి. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య నొక్కితే అయిదూ ఎదురు తిరక్కుండా మెదగాలి. లోపల సుద్దలాంటి తెల్లటి చుక్క కనిపించకూడదు. ఒక గింజని చెంచాలో పెట్టి ఊదండి. పొట్టు ముడుచుకుని లేస్తే దగ్గరికొచ్చినట్టు. నాలుగు గింజలు ఉడికి అయిదోది గట్టిగా ఉందంటే గిన్నె మొత్తానికి ఇంకో పది నిమిషాలు ఇవ్వాలి.

## 7. పోషకాలను పోల్చడం: ముందు లెక్క సరిచేసుకోండి

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఒక పట్టికలో రాజ్మాకి ప్రోటీన్ 22 గ్రాములని ఉంటుంది, ఇంకో చోట 9 అని ఉంటుంది. రెండూ నిజమే. మొదటిది ఎండు గింజకి, రెండోది ఉడికించిన గింజకి. 100 గ్రాముల ఎండు గింజలు ఉడికాక 230–250 గ్రాములవుతాయి, ఆ పెరిగిందంతా నీరే. ఎండు శనగల అంకెని ఉడికిన రాజ్మా అంకెతో పోలిస్తే శనగలు అద్భుతంలా కనిపిస్తాయి.

కింది లెక్కలన్నీ ఉప్పు, నూనె లేకుండా ఉడికించి నీళ్లు వంచిన 100 గ్రాములకి. రకాన్ని బట్టి, నేలని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి.

- సోయా: 172 కేలరీలు, ప్రోటీన్ 17–18 గ్రా., పీచు 6 గ్రా., కొవ్వు 9 గ్రా., ఇనుము 5 మి.గ్రా.
- మసూర్: 116 కేలరీలు, ప్రోటీన్ 9, పీచు 8, ఇనుము 3.3
- నల్ల రాజ్మా: 132 కేలరీలు, ప్రోటీన్ 8.9, పీచు 8.7, ఇనుము 2.1
- కాబూలీ శనగలు: 164 కేలరీలు, ప్రోటీన్ 8.9, పీచు 7.6, కొవ్వు 2.6, ఇనుము 2.9
- ఎర్ర రాజ్మా: 127 కేలరీలు, ప్రోటీన్ 8.7, పీచు 7.4, ఇనుము 2–3
- బొబ్బర్లు: 116 కేలరీలు, ప్రోటీన్ 7.7, పీచు 6.5, ఇనుము 2.5
- పెసలు: 105 కేలరీలు, ప్రోటీన్ 7, పీచు 7.6, ఇనుము 1.4

సోయా తప్ప మిగతావన్నీ ప్రోటీన్‌లో 7 నుంచి 9 మధ్యే. అసలు తేడా కేలరీలతో కలిపి చూస్తే బయటపడుతుంది. 20 గ్రాముల ప్రోటీన్ కోసం సోయా 110–120 గ్రాములు తింటే చాలు, కేలరీలు 200 లోపు. మసూర్ అయితే 220 గ్రాములు తినాలి, కేలరీలు 260 దాకా. శనగలూ దాదాపు అంతే బరువు తినాలి, కేలరీలు మాత్రం 370 దాకా వెళ్తాయి. బరువు తగ్గాలనుకునేవాళ్లకి ఈ తేడా లెక్కలోకి వస్తుంది. ఆకలి ఆగాలి, శక్తి కావాలి అనుకునేవాళ్లకి శనగలే నయం.

ఫోలేట్ (బి9 విటమిన్) కోసమైతే బొబ్బర్లు ముందుంటాయి, 100 గ్రాములకి సుమారు 200 మైక్రోగ్రాములు. మసూర్, శనగలు 170–180 దగ్గర. సోయా ఇక్కడ వెనకబడుతుంది, 55 దగ్గరే ఆగుతుంది. ప్రోటీన్‌లో మొదటిది అన్నింటిలోనూ మొదటిది కాదు.

రక్తంలో చక్కెర గురించి చూసేవాళ్లకి దాదాపు అన్నీ మంచివే. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో చక్కెరని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) సోయాకి 16 దగ్గర, రాజ్మాకి, శనగలకి 24–28 దగ్గర, మసూర్‌కి 32 దగ్గర ఉంటుంది. 55 లోపు ఉన్నదాన్ని తక్కువగానే లెక్కిస్తారు.

రెండు సవరణలు ఈ అంకెలకి తోడు పెట్టుకోవాలి. ఈ గింజల్లో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, లైసిన్ ఎక్కువ. ధాన్యాల్లో సరిగ్గా తలకిందులు. రోజు మొత్తంలో రెండూ తింటే సరిపోతుంది, ఒకే పూట కలిపి తినాల్సిన నియమం లేదు. సోయాలో మాత్రం అన్ని అమైనో ఆమ్లాలూ తగినంతగా ఉంటాయి. రెండోది ఇనుము. గింజల్లోని ఇనుము ఒంటికి తక్కువ పడుతుంది. వడ్డించేముందు నిమ్మరసం పిండితే, దానిలోని విటమిన్ సి వల్ల ఎక్కువ పడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే తగ్గుతుంది. నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల ఇనుముని, జింక్‌ని పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గి ఇనుము, జింక్ మరికాస్త అందుతాయి.

## 8. మీ వంటింట్లోనే పోల్చి చూసుకోండి

పట్టికలు ఎన్ని చూసినా మీ నీళ్లు, మీ పొయ్యి, మీ నాలుక వేరు. ఒకసారి ఇలా చేసి చూడండి.

1. మూడు రకాలు ఎంచుకుని ఒక్కోటి 100 గ్రాములు తూచండి.
2. ఒకే నీళ్లు, ఒకే ఉప్పు, ఒకే గంటల లెక్కన వేర్వేరు గిన్నెల్లో నానబెట్టండి. వంచాక బరువు రాసుకోండి.
3. మూత తెరిచిన గిన్నెల్లో ఉడికించండి. కుక్కర్ వద్దు, మధ్యలో చూడలేరు. రాజ్మా ఉంటే పైన చెప్పిన మరిగించే నియమం తప్పనిసరి.
4. అరగంట తర్వాత నుంచి ప్రతి పది నిమిషాలకి అయిదు గింజల పరీక్ష చేయండి. పూర్తిగా మెత్తబడకముందు రుచి చూడకండి.
5. ఉడికాక మళ్లీ తూచండి.
6. ముందు ఏమీ కలపకుండా, తర్వాత ఉప్పు మాత్రమే వేసి రుచి చూడండి.

రాసుకోవాల్సినవి: పట్టిన సమయం, చివరి బరువు, పగిలిన గింజలు ఎన్ని, నీళ్లు చిక్కగా ఉన్నాయా పలచగా ఉన్నాయా, పొట్టు నోటికి తగులుతోందా, మరుసటి రోజు కడుపు ఎలా ఉంది. మూడూ ఒకే రోజు తినేస్తే ఆఖరి ప్రశ్నకి జవాబు దొరకదు, రోజుకొకటి తినండి.

మసాలా వేశాక పోల్చడం దండగ. కారం ముందు ఏ గింజైనా ఒకేలా ఉంటుంది.

## 9. తరచూ జరిగే తప్పులు, వాటికి విరుగుడు

రెండు గంటలైనా మెత్తబడలేదు. మూడు కారణాల్లో ఒకటి: గింజ పాతది, నీళ్లు కాల్షియం ఎక్కువున్న గట్టి నీళ్లు, లేదా పులుపు ముందే పడింది. మొదటి రెండింటికీ లీటరు నీటికి పావు టీస్పూన్ లోపు వంట సోడా వేసి కుక్కర్‌లో ఇంకో పది నిమిషాలు ఉంచండి. ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది, థయమిన్ అనే బి1 విటమిన్ కూడా దెబ్బతింటుంది. ఈసారికి ఫిల్టర్ చేసిన నీళ్లు వాడి చూడండి. మూడో కారణానికి మందు లేదు, మెదిపి సూప్‌గా మార్చుకోవడమే.

పొట్టు ఊడి, గింజలు విరిగిపోయాయి. నానడం చాలలేదు, లేదా నీళ్లు ఉధృతంగా తెర్లాయి. ఉప్పు నీళ్లలో నానబెట్టండి, సన్న మంట పెట్టండి, గరిటెతో పదేపదే కలపకండి.

కొన్ని ఉడికాయి, కొన్ని గట్టిగా ఉన్నాయి. రెండు సరుకులు కలిశాయి, లేదా రెండు రకాలు ఒకే గిన్నెలో వేశారు. రకాలు కలిపి వండాలంటే విడివిడిగా ఉడికించి చివర్లో కలపండి.

చప్పగా ఉన్నాయి. ఉప్పు ఆఖర్లో వేశారు. అప్పుడది గ్రేవీలోనే ఉండిపోతుంది, గింజలోకి వెళ్లదు. ఉప్పేసిన ఉడికించిన నీళ్లలోనే గింజల్ని ఒక అరగంట చల్లారనివ్వండి, లోపలికి దిగుతుంది.

కడుపు ఉబ్బరం. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరల్ని అరిగించే ఎంజైమ్ మన దగ్గర లేదు. పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటి మీద పని చేసినప్పుడు గ్యాస్ పుడుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోయండి, పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించండి, పావు కప్పుతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో మెల్లగా పెంచండి. పొట్టు తీసిన పెసరపప్పు, మసూర్ పప్పు తేలిగ్గా ఉంటాయి, అక్కడి నుంచి మొదలుపెట్టడం తెలివైన పని.

## 10. ఒకటి లేనప్పుడు ఇంకొకటి

- ఎర్ర రాజ్మాకి బదులు మచ్చల రాజ్మా: ఏ మార్పూ లేకుండా.
- కాబూలీకి బదులు నల్ల శనగలు: అయిదు నిమిషాలు ఎక్కువ ఇవ్వండి. ముద్ద చేయాలంటే వద్దు, పొట్టు తగులుతుంది.
- లిమాకి బదులు తెల్ల బీన్స్: సూప్‌లో తేడా తెలియదు.
- బొబ్బర్లకి బదులు పెసలు: రుచి సరిపోతుంది, ఆకారం నిలవదు.
- ఎండు గింజలకి బదులు డబ్బా గింజలు: 400 గ్రాముల డబ్బాలో నీళ్లు వంచాక సుమారు 240 గ్రాములుంటాయి, అంటే 100 గ్రాముల ఎండు గింజలతో సమానం. వంచి కడిగితే సోడియం మూడో వంతుకి పైగా పోతుంది.

## 11. కాస్త ఆలోచించి తినాల్సినవాళ్లు

- కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు: పొటాషియం చూసుకోవాలి. ఉడికించిన 100 గ్రాముల్లో తెల్ల బీన్స్‌లో 560 మి.గ్రా. దాకా, సోయాలో, లిమాలో 500 పైన ఉంటుంది. పెసలు, బొబ్బర్లు, శనగల్లో 300 లోపే. ఎంత తినొచ్చో డాక్టర్‌నే అడగండి.
- జీ6పీడీ లోపం (ఎర్రరక్తకణాల్ని కాపాడే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్లు: ఫావా బీన్స్ (బ్రాడ్ బీన్స్) అసలు ముట్టుకోకూడదు. ఎర్రరక్తకణాలు దెబ్బతింటాయి.
- థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు: సోయా ఆ మందు ఒంటికి పట్టడాన్ని తగ్గిస్తుంది. మాత్రకీ సోయాకీ మధ్య ఎంత వ్యవధి ఉండాలో డాక్టర్‌తో మాట్లాడండి.
- గర్భిణులు, వృద్ధులు, చిన్నపిల్లలు: మొలకలు పచ్చిగా వద్దు. వెచ్చని తడిలో మొలకలతోపాటు బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. ఆవిరి మీద పూర్తిగా ఉడికించి పెట్టండి.

## 12. నిల్వ

ఎండు గింజల్ని గాలి చొరబడని డబ్బాలో, చల్లటి చీకటి చోట పెట్టండి. ఏడాదిలోపు వాడేస్తే ఉడకడంలో ఇబ్బంది ఉండదు. డబ్బా మీద కొన్న నెల రాసుకోండి.

ఉడికించినవి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. లోతైన గిన్నెలో వేడి వేడిగా పెడితే మధ్యభాగం చల్లబడటానికి గంటలు పడుతుంది, వెడల్పాటి పాత్రలో పలచగా పరవండి. ఫ్రిజ్‌లో 3–4 రోజులు, ఫ్రీజర్‌లో మూడు నెలలకి పైగా ఉంటాయి. ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు గింజలు మునిగేలా ఉడికించిన నీళ్లు పోయండి, లేకపోతే ఎండిపోయి చీలతాయి. 240 గ్రాముల చొప్పున ప్యాకెట్లు కట్టి, ఒక్కోదాని మీద గింజ పేరు, తేదీ రాసి పెట్టుకుంటే వంటకి ఒక్కో ప్యాకెట్ తీసి వాడుకోవచ్చు.